ఇనుము వేరు, ఉక్కు వేరు

సర్దార్ వల్లభభాయి పటేల్‌ను ఇంగ్లీషు పత్రికలు ‘ఐరన్ మాన్’ అని పేర్కొన్నవి. ఐరన్ అనగా ఇనుము. అయినను తెలుగువారి నోట ఆయన ‘ఇనుప మనిషి’ కాలేదు. ‘ఉక్కు మనిషి’ అయినాడు. అదే ఇంగ్లీషు మాటతో వచ్చిన ‘ఐరన్ కర్టెన్’ మాత్రం తెలుగులో ‘ఇనుప తెర’గానే నిలిచినది. ఒకే ఇంగ్లీషు మాట ఒకచోట ఉక్కుగాను, మరొకచోట ఇనుముగాను ఎందుకు మారినది? అనువాదకులు నిఘంటువు చూచి చేసిన పని కాదిది. తెర అడ్డముగా ఉంటే చాలును. మనిషికి పదును, పట్టు, వంగినా విరగని గుణం కావలెను. ఆ గుణములు ఇనుములో లేవనియు, ఉక్కులో ఉన్నవనియు తెలుగు రైతుకు తరతరాలుగా తెలుసు. గొడ్డలి వాయి మొద్దుబారితే అతడు కమ్మరి దగ్గరకు పోయి ‘ఉక్కు పెట్టుమని’ అడిగేవాడు గాని ఇనుము పెట్టుమని అడిగేవాడు కాదు. గొడ్డలి ఒళ్ళంతా ఇనుమే. అంచున వ్రేలెడు వెడల్పున మాత్రం ఉక్కు. వెల ఎక్కువ కనుక, ఉక్కును అవసరమైన చోటనే వాడేవారు.

ఇంగ్లీషులోను ఐరన్, స్టీల్ అని రెండు మాటలున్నవి. రెండును పాతవే. స్టీల్ అనే మాట జర్మన్, డచ్చి భాషలలోని మాటలకు తోబుట్టువు. గట్టిగా నిలిచేది అని దాని మూలార్థం. ఐరన్ అనే మాట కెల్టు జాతుల భాషనుండి జర్మన్ జాతుల భాషలకు వచ్చినదని పండితుల అభిప్రాయం. మాటలు రెండున్నను, వాటి నడుమ గీత ఎక్కడ గీయవలెనో ఐరోపా వారికి చాలకాలం తెలియలేదు. ఇనుమును మరింత శుద్ధి చేస్తే స్టీల్ అవుతుందని ఎక్కువమంది నమ్మేవారు. అనగా స్టీల్ అంటే మలినం లేని ఇనుము అని వారి భావన. సత్యం దీనికి సరిగా తలక్రిందులు. స్వీడన్ రసాయనవేత్త టోర్బెర్న్ బెర్గ్‌మాన్ 1781లో చేసిన పరిశోధనల తరువాత, 1786లో ఫ్రాన్సులో వాండర్‌మోండ్, బెర్తొలే, మోంజ్ అను ముగ్గురు విషయాన్ని తేల్చినారు. ఇనుములో కర్బనం, అనగా బొగ్గులోని మూలపదార్థం, కొంచెం కలిసినదే ఉక్కు. ఏదో పోవుటవలన గాక, వచ్చి చేరుటవలన ఉక్కు పుడుతున్నది.

ఆ కొంచెం ఎంత అన్నదే అసలు ప్రశ్న. నూటికి 0.1 పాలుకూడ కర్బనం లేనిది చేత ఇనుము. ఇంగ్లీషులో రాట్ ఐరన్. సమ్మెటతో కొట్టి ఎటు కావలెనంటే అటు వంచవచ్చును, కాని పదును నిలువదు. నూటికి రెండు పాళ్ళు దాటినది పోత ఇనుము, అనగా కాస్ట్ ఐరన్. అది అచ్చులో చక్కగా పారుతుంది, కాని సమ్మెట దెబ్బకు పగులుతుంది. ఈ రెంటికి నడుమనున్నది ఉక్కు. రాట్, కాస్ట్ అను ఈ జంటమాటలు చదువరులను తరచు తికమక పెట్టేవే. మొదటిది ‘పని చేయు’ అనే క్రియనుండి వచ్చిన పాతరూపం, రెండవది ‘పోయు’ అనే అర్థం గలది. తెలుగులో చేత, పోత అని పెట్టిన పేర్లు ఇంగ్లీషు మాటలకన్న సులువుగా అర్థమవుతున్నవని ఒప్పుకోవలెను.

ఇంగ్లీషులో మరొక జంట ఉన్నది: మెల్ట్, స్మెల్ట్. వినుటకు ఒక్క అక్షరమే తేడా. తెలుగులో సామాన్యంగా రెంటికీ ‘కరగించుట’ అనే వాడుతున్నాము. కాని పనిలో ఇవి పూర్తిగా వేరు. మంచు నీరగుట మెల్ట్. అక్కడ పదార్థం మారదు, రూపమే మారుతుంది. స్మెల్ట్ అనగా ముడిఖనిజంలో ప్రాణవాయువుతో పెనవేసుకొనియున్న లోహాన్ని బొగ్గు సాయంతో విడదీయుట. అది రసాయనిక చర్య. దానికి లోహం కరగవలెననే నియమం కూడ లేదు. శుద్ధమైన ఇనుము కరగుటకు 1538 డిగ్రీల వేడి కావలెను. పల్లెటూరి మట్టి కొలిమిలో, తోలు తిత్తుల గాలితో అంత వేడి పుట్టదు. 1200 డిగ్రీల దరిదాపున ఖనిజంలోని రాతిమలినాలు కరిగి చిట్టెమై క్రిందికి జారిపోగా, ఇనుము మాత్రం కరగకుండ సందులు సందులుగా, తేనెపట్టువలె ఒక ముద్దగా మిగిలేది. ఆ ముద్దను ఎర్రగా ఉండగానే బయటికి లాగి సమ్మెటలతో మోది, లోపలనున్న చిట్టెమును పిండేవారు. అదే చేత ఇనుము.

ఈ రెండు మాటల తేడాను పుస్తకంలోకన్న స్పష్టంగా నేలమీద చూపగల ప్రదేశం ఉత్తర తెలంగాణము. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలోను, వాటిని ఆనుకొనియున్న నిజామాబాద్ జిల్లా తూర్పుభాగంలోను గోదావరికి ఇరువైపుల ఎన్నో గ్రామాల పొలిమేరలలో నల్లని చిట్టెపు దిబ్బలున్నవి. ఇక్కడి రాళ్ళలో అయస్కాంత గుణముగల ఇనుప ఖనిజం పొరలుపొరలుగా ఉన్నది. వర్షాలకు ఆ రాళ్ళు అరిగి, వాగుల ఒడ్డున నల్లని బరువైన ఇసుకగా పేరుకొంటుంది. అడవినిండ కట్టె, వాగునిండ ఇసుక, ఊరిలో కమ్మరి. ఇంకేమి కావలెను? పెద్దపల్లి సమీపాన పెద్దబంకూరులో పురావస్తుశాఖవారు జరిపిన త్రవ్వకాలలో సాతవాహనుల కాలపు ఇనుప పనిముట్లు విరివిగా దొరికినవి. అంటే రెండువేల ఏండ్లనాడే ఇక్కడ ఇనుము సామాన్యుల చేతి వస్తువు.

అయితే ఈ సీమ పేరు దేశాంతరాలకు ప్రాకినది ఇనుమువలన కాదు, ఉక్కువలన. పదునేడవ శతాబ్దిలో మన దేశమునకు పలుమార్లు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, నీటి అలలవంటి చారలు తేలే కత్తులు పారశీకంలో చేయుటకు గోలకొండ రాజ్యంనుండి వచ్చే ఉక్కు తప్ప వేరొకటి పనికిరాదని వ్రాసినాడు. అది చిన్న రొట్టె అంతటి బిళ్ళలుగా వచ్చేదనియు, ఒక బిళ్ళను రెండుగా కోసి చూచి, ఒక్కొక్క సగంతో ఒక్కొక్క కత్తి చేసేవారనియు అతడు తెలిపినాడు. గోలకొండ పేరుతో అమ్ముడైన ఆ బిళ్ళల పుట్టిల్లు ఏది? దానికి జవాబు ఒకటిన్నర శతాబ్దానికి పైగా గడచిన తరువాత దొరికినది.

హెన్రీ వెస్లీ వాయిసీ అను ఇంగ్లీషు వైద్యుడు కర్నల్ లాంబ్టన్ నడిపిన మహాసర్వే దళంలో భూగర్భశాస్త్రజ్ఞుడుగా హైదరాబాదు రాజ్యమంతా తిరిగినాడు. అతడు 1824లో మరణించినాడు. అతడు వ్రాసిపెట్టిన ఉక్కు తయారీ వర్ణన 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. అందులోని గ్రామం కోనసముద్రం. నేడు నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో ఉన్నది. పూర్వపు కరీంనగర్ జిల్లా మెట్‌పల్లి తాలూకాకు ఇరుగుపొరుగే. మండలం పేరే కమ్మరుల పల్లె అగుట గమనింపదగినది. గోదావరికి ఆవల నిర్మల ప్రాంతపు దిమ్మదుర్తి ఇనుప ఖనిజానికి ప్రసిద్ధి. అక్కడి గనులనగా పెద్ద సొరంగాలు కావు. పలుచని మన్ను క్రింద గడ్డపారలతో పెకలించిన గుంటలు మాత్రమే.

కోనసముద్రంలో వాయిసీ చూచినది రెండవ మెట్టు. మొదటి మెట్టున, అనగా స్మెల్ట్ చేయుటలో, వచ్చిన ఇనుమును ఇక్కడ మూసలలో మెల్ట్ చేసేవారు. మూస తయారీయే ఒక శాస్త్రం. నిప్పుకు ఓర్చే మట్టి, పాత కొలిముల, పాత మూసల పెంకుల పొడి, వడ్లపొట్టు, నూనె కలిపి పిసికి మూసలు చేసేవారు. రెండు రకాల ఇనుమును మూడుపాళ్ళు, రెండుపాళ్ళు చొప్పున తూచి మూసలో వేసి, పైన చిట్టెము పెంకులు పరచి, మూత పెట్టి మట్టితో మెత్తేవారు. గుండ్రని గుంటకొలిమిలో మూసలు పేర్చి, తిత్తులతో ఒక పగలు, ఒక రాత్రి ఎడతెగక ఊదేవారు. లోపల సర్వం ద్రవమయ్యేది. తరువాత మెల్లగా చల్లార్చి మూసను పగులగొట్టగా, బిళ్ళ బయటపడేది. అది అప్పుడు సమ్మెటకు లొంగనంత పెళుసు. మట్టి పూసి, పన్నెండు పదహారు గంటలసేపు మరల కాచి చల్లార్చుట, మూడు నాలుగు పర్యాయాలు అట్లే చేయుట. అప్పటికి గాని అది కత్తిగా మలచుటకు ఒదిగేది కాదు.

ఆ కొలిముల ప్రక్కన వాయిసీకి ఒక పరదేశి కనబడినాడు. పేరు హాజీ హుసేన్. ఊరు పారశీకంలోని ఇస్ఫహాన్. అతడు ఉక్కు కొనుటకై అంతదూరం నుండి వచ్చి, ఇనుము తూచుట మొదలు బిళ్ళలు కాచుట వరకు స్వయంగా దగ్గర నిలిచి చూచుకొనేవాడు. ఈ ఉక్కును తమ దేశంలో చేయవలెనని ప్రయత్నించినారనియు, కుదరలేదనియు అతడు చెప్పినాడు. ఇస్ఫహాన్‌లో ఉక్కును పూలాద్ అంటారు. అదే ఉర్దూలో ఫౌలాద్, రష్యాలో బులాత్. కోనసముద్రంలో ఉక్కు. ఒక బిళ్ళ ప్రయాణంలో ఎన్ని పేర్లు ధరించెనో!

ఇంగ్లీషులో దానికి పట్టిన పేరు వీటన్నింటికంటె విచిత్రమైనది. 1794లో బొంబాయిలోని డాక్టర్ హెలెనస్ స్కాట్, లండను రాయల్ సొసైటీ అధ్యక్షుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు కొన్ని ఉక్కు బిళ్ళలు పంపుచు, దీనిని ఇక్కడ ‘వూట్జ్’ అంటారని వ్రాసినాడు. మన దేశపు ఏ భాషలోను ఉక్కుకు అటువంటి మాట లేదు. కన్నడంలోను, తెలుగులోను ఉన్నది ‘ఉక్కు’. మొదటి ఉకారాన్ని ‘వు’ అని పలుకుట రెండు భాషలలోను సహజమే. అందుచే ‘వూక్’ అని వ్రాసిన దానిని ఎవరో చేతివ్రాతలో ‘వూట్జ్’గా చదివియుందురని 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటుకర్తలు ఊహించినారు. మేలురకం సరుకును ‘ఉచ్చ’ అనుట విని పొరపడినారని ఎడ్వర్డ్ బాల్ఫర్ మరొక ఊహ చెప్పినాడు. మొదటి ఊహయే ఎక్కువమందికి నచ్చినది. ఏది నిజమైనను, పుట్టుకతోనే తప్పుగా పలుకబడిన ఆ మాట నేటికిని ప్రపంచ లోహశాస్త్ర గ్రంథాలలో చెల్లుతున్నది.

పేరు చెడితే ఏమి పోయినదని అడుగవచ్చును. పోయినది చాల ఉన్నది. ద్రావిడభాషల తులనాత్మక నిఘంటువు ఉక్కు అనే మాటను తమిళంలోని ‘ఉరుక్కు’తో కలిపి చూపుతున్నది. తమిళంలో ‘ఉరుకు’ అనగా కరగుట; ‘ఉరుక్కు’ అనగా కరగించినది. కన్నడంలో ‘ఉర్కు’ అనే పాతరూపం కూడ ఉన్నది. అంటే ఉక్కు అనే మాటలోనే దాని తయారీ రహస్యం ఇమిడియున్నది: ఒకసారి తీసిన ఇనుమును మరల కరగించగా వచ్చినది. లండనులో డాక్టర్ జార్జ్ పియర్సన్ చేతికి బిళ్ళ వచ్చినది గాని ఈ మాట రాలేదు. అతడు మంచి ప్రయోగశీలి. జేమ్స్ స్టోడార్ట్ అను కత్తులపనివానిచే ఆ బిళ్ళనుండి చిన్న కత్తిని చేయించి చూచినాడు, ఆమ్లాలతో పరీక్షించినాడు. అది ఉక్కు జాతిదేనని సరిగా గుర్తించినాడు. కాని 1795 జూన్ 11న రాయల్ సొసైటీలో చదివిన వ్యాసంలో, ఇది ఖనిజంనుండి తిన్నగా వచ్చినదే గాని ఎన్నడును చేత ఇనుముగా ఉండలేదని తేల్చినాడు. అనగా మెల్ట్ జరిగినచోట స్మెల్ట్ జరిగినదని భావించినాడు. రెండు మెట్ల పనిని ఒకే మెట్టు అనుకొన్నాడు. 1800లో మైసూరు దేశం తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ కొలిముల దగ్గర కూర్చుండి చూచి, ముందు ఇనుము, తరువాత ఉక్కు అని 1807లో ప్రకటించినాడు. కమ్మరిని అడిగినవానికి ఒక్క పూటలో తెలిసినది, అడగనివారికి పండ్రెండేండ్లు పట్టినది.

ఆ ఒక్క ఇంగ్లీషు మాట మరొక తేడాను కూడ మరుగుపరచినది. మైసూరు, సేలం ప్రాంతాలలో చేత ఇనుము ముక్కలతోపాటు మూసలో తంగేడు కట్టె ముక్కలు, జిల్లేడువంటి పచ్చి ఆకులు పెట్టి మూసేవారు. అక్కడ ఇనుమునకు కర్బనమిచ్చినది ఆ కట్టె, ఆ ఆకు. కోనసముద్రం మూసలో కట్టె గాని బొగ్గు గాని వేసినట్లు వాయిసీ చెప్పలేదు. అక్కడ రెండు రకాల ఇనుములో ఒకదానిలో కర్బనం ఎక్కువ, మరొకదానిలో తక్కువ ఉండి, రెండు కలిసి కరగగా నడిమి పాలు కుదిరినదని నేటి లోహశాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. కాలి బొగ్గయిన వడ్లపొట్టుతో నల్లబడిన మూసగోడ కూడ కొంత తోడ్పడియుండును. ఇవి రెండు వేర్వేరు పద్ధతులు. తంగేడు పూవు నేడు తెలంగాణ రాష్ట్రపుష్పమైనను, తెలంగాణ ఉక్కు కథలోనికి తంగేడు కట్టెను లాగుకొనివచ్చుట తొందరపాటు. కొన్ని వ్యాసాలలో ఈ కలగాపులగం కనబడుతున్నది.

స్టోడార్ట్ వూరకుండలేదు. అతడును, మైకేల్ ఫారడేయును కలసి 1820, 1822 సంవత్సరాలలో ఉక్కు మిశ్రమలోహాలపై వ్యాసాలు ప్రకటించినారు. విద్యుచ్ఛాస్త్రంలో పేరుపొందుటకు పూర్వం ఫారడే ఈ బిళ్ళను పరీక్షించినాడని చాలమందికి తెలియదు. అతని తండ్రి కమ్మరి. ఈ ఉక్కు గొప్పతనం అల్యూమినియం వంటి అన్యపదార్థాల వలన వచ్చినదని ఫారడే ఊహించినాడు. ఊహ తప్పినది, కాని ఆ దారిన పోయి, ప్లాటినం, వెండి, రోడియం మొదలైన వాటితో ఉక్కును కలిపి చూచుట మిశ్రమలోహ శాస్త్రానికి నాంది అయినది. చారలకు మూలం అధికమైన కర్బనమేనని పారిస్ టంకశాలకు చెందిన బ్రేయాన్ ఆ దశకంలోనే చూపినాడు. రష్యాలో అనోసోవ్ తన బులాత్ ప్రయోగాలను 1841లో ప్రకటించినాడు.

ఆ చారల విషయంలోను ఇంగ్లీషులో ఒక జంట ఉన్నది: డమాస్క్, డమాసీన్. రెండును డమాస్కసు నగరం పేరుతో ముడిపడినవే. మొదటిది ఉక్కు లోపలినుండి తేలే అలలకు పేరు. రెండవది లోహంమీద గాడి తీసి బంగారు, వెండి తీగలు పొదుగు పనికి పేరు. బీదరు పనివారు చేయునది రెండవ జాతి పని. కరీంనగర్ వెండి తీగపని ఈ రెండును కాదు. అక్కడ తీగయే వస్తువు, పొదుగుటకు క్రింద మరొక లోహం లేదు. దానికి ఇంగ్లీషులో ఫిలిగ్రీ అని మూడవ పేరున్నది. ఇక డమాస్కసు కత్తి అని ఐరోపావారు ఏ నగరానికి కీర్తి కట్టబెట్టినారో, ఆ నగరపు బజారుకు చేరిన సరుకు వేరొకచోట పుట్టినది.

బొగ్గు సంగతి కూడ ఇక్కడే చెప్పవలెను. ఇంగ్లీషులో కోల్, చార్‌కోల్ అని జంట. మనకు నేలబొగ్గు, కట్టెబొగ్గు. పూర్వపు ఇంగ్లీషులో కోల్ అంటే నిప్పుకణిక, కట్టెబొగ్గు. గనిబొగ్గును ‘సముద్రపు బొగ్గు’ అనేవారు. గనిబొగ్గు వాడకం పెరిగినకొద్దీ అదే కోల్ అనిపించుకొన్నది, పాతదానికి చార్‌కోల్ అని వేరు పేరు పెట్టవలసి వచ్చినది. కోలియర్ అనే మాట కూడ బొగ్గు కాల్చువానినుండి గని కార్మికునికి బదిలీ అయినది. తెలుగులో ఈ తారుమారు పూర్తికాలేదు. ఇంట ‘బొగ్గులు’ అంటే కుంపటిలోనివి, బెల్లంపల్లిలో ‘బొగ్గు’ అంటే గనిలోనిది. కోనసముద్రం కొలిములలో ఎరిగినది కట్టెబొగ్గునే. గోదావరి లోయలో కాళ్ళక్రిందనున్న నేలబొగ్గును ఆ కమ్మరులు వాడలేదు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర దానిని గుర్తించుటకు, అటుపై సింగరేణి కంపెనీ గనులు ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలలోనికి విస్తరించుటకు నడుమనే పాత కొలిములు ఒక్కొక్కటిగా చల్లారినవి.

వాటిని చల్లార్చినది ప్రధానంగా చవక. 1856లో హెన్రీ బెస్సెమర్ కనిపెట్టిన పద్ధతిచే పోత ఇనుములోనికి గాలి ఊది టన్నులకొద్దీ ఉక్కు తీయసాగినారు. చిన్న బిళ్ళలకు ఒక పగలు, ఒక రాత్రి తిత్తి ఊదువాడు దానితో ఎట్లు పోటీపడగలడు? అడవిచట్టాలు కట్టెబొగ్గును కూడ దూరం చేసినవి. ఇంగ్లీషు మాటలకు సైతం ఆ పద్ధతి చిక్కు తెచ్చిపెట్టినది. బెస్సెమర్ సరుకులో కర్బనం బహుస్వల్పం. గుణంలో చేత ఇనుము, కాని కరిగి పోసినది. దానిని ఐరన్ అనవలెనా, స్టీల్ అనవలెనా? గట్టిపడే గుణమున్నదే స్టీల్ అని కొందరు, కరగి వచ్చినదెల్లా స్టీలే అని కొందరు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శన సందర్భంలో కూడిన అంతర్జాతీయ సంఘం నాలుగు కొత్త పేర్లు సూచించినది గాని, ఇంగ్లీషు వర్తకులు వాటిని లెక్కచేయలేదు. స్టీల్ అంటే ఎక్కువ ధర పలుకుతుంది కదా! చివరకు కరగి వచ్చినదే గెలిచినది. కర్బనం స్వల్పమైన అటువంటి సరుకును నేడు మైల్డ్ స్టీల్ అంటున్నాము. కరగించినదే ఉక్కు అని తమిళ, కన్నడ, తెలుగు మాటలు ముందే చెప్పినది అదే.

1980ల ప్రాంతాన అమెరికా పరిశోధకురాలు థెల్మా లో ఈ మూసల పెంకులను సూక్ష్మదర్శినితో పరిశీలించినది. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత విద్యాధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలసి, తెలుగు పరిశోధకుడు ఎస్. జైకిషన్ తోడ్పాటుతో, ఉత్తర తెలంగాణ గ్రామాలు తిరిగి చిట్టెపు దిబ్బలను గుర్తించినవి. పాత కొలిములున్న ఊళ్ళలో మమ్మాయి అనే దేవత గుడులు వారికి కనబడినవి. కమ్మరులు తరలిపోయినను దేవత నిలిచియున్నది. దిబ్బలు మాత్రం అన్నియు నిలువలేదు. కొన్ని పొలాలలో కలిసినవి. దున్నినప్పుడెల్లా నాగటిచాలులో నల్లని పెంకులు పైకి వస్తుంటవి. గట్టిదానిని పగులగొట్టి లోపల చూచినచో, నల్లని మట్టిలో వడ్లపొట్టు కాలిపోయిన సన్నని గుంటలు, గింజ ఆకారం చెడకుండ, వరుసగా కనబడును.